పులి కనపడని రోజు సలీం అలీ దొరికాడు

ఫైనల్ ఇయర్ అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ప్లేస్‌మెంట్ సీజన్ మొదలైంది. మొదటి కంపెనీ షార్ట్‌లిస్ట్‌లో నా పేరు లేదు. సెకండ్ ఇయర్‌లో ఒక్క సబ్జెక్ట్ పోయింది, తర్వాత సప్లీలో పాసయ్యాను. కానీ వాళ్ళ ఫారంలో బ్యాక్‌లాగ్ హిస్టరీ అని ఒక గడి ఉంది. అబద్ధం రాయలేను గదా. అంతే, అక్కడితో ఆగిపోయింది.

దసరా సెలవులకి గద్వాల వచ్చాను. మా ఇంట్లో మగ్గం ఉంది. నాయిన పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేస్తాడు. పండగ పూట ఈ సంగతి చెప్పడం ఎందుకని చెప్పలేదు. పండగ అయిపోయినాక కూడా చెప్పలేదు. అట్లా రెండు రోజులు ఇంట్లో దొంగలా తిరుగుతుంటే వనపర్తి దోస్తు ఫోన్ చేశాడు. నల్లమలకి పోదాం, రెండు రోజుల ట్రిప్, వానాకాలం మూసిన సఫారీ మళ్ళీ తెరిచారు, పులి కనపడొచ్చు అన్నాడు. పులి సంగతేమో గానీ ఇంట్లోంచి తప్పించుకోవచ్చని బయల్దేరాను.

తెల్లవారుజామున గద్వాల నుంచి వనపర్తి, అక్కడ వాడి బండెక్కి బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట. అచ్చంపేట దాటి ఘాట్ ఎక్కేసరికి గాలి మారిపోయింది. మన్ననూరులో టీ తాగి, ఫర్హాబాద్ గేటు దగ్గర సఫారీ జీపెక్కాం. గైడ్‌గా వచ్చిన చెంచు అన్నకి మా కంటే ఓ ఐదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో.

మొదటి రోజు సఫారీ రిపోర్ట్ ఇదీ. పులి లేదు. ఒక చోట అడుగు గుర్తు ఉందన్నారు, నాకు మట్టే కనిపించింది. కానీ పక్షులు మాత్రం లెక్కలేనన్ని. గేటు దాటగానే ఎండుకొమ్మ మీద పాలపిట్ట. పండగ అయిపోయాక కనపడితే లెక్కలోకి వస్తుందా అని మేము నవ్వుకున్నాం. నల్లమద్ది చెట్టు మీద వడ్రంగిపిట్ట టకటకమని కొడుతోంది. వెదురు పొదల్లోంచి జెముడుకాకి మూలుగు. నెమళ్ళు అయితే మన క్యాంపస్‌లో కుక్కల్లా దారికి అడ్డం వస్తున్నాయి. ఇంజన్ ఆపినప్పుడల్లా గైడన్న కళ్ళతో కాదు, చెవులతో వెతికేవాడు. ఎక్కడో కూత వినపడేది, ఆయన పేరు చెప్పేవాడు, ఒక నిమిషానికి ఆ పిట్టే బయటికొచ్చేది.

వ్యూ పాయింట్‌కి ముందు ఒక నల్లటి పిట్ట కనిపించింది. తోక చివర రెండు సన్నటి తీగలు, ఆ తీగల కొసన చెరో చిన్న ఆకు లాంటి ఈక. ఎగురుతుంటే వెనకాల రెండు తుమ్మెదలు తరుముతున్నట్టుంది. మన పొలాల్లో గేదెల మీద కూర్చునే పసుల పోలిగాడికి అడవిలో ఉండే చుట్టం అన్నమాట. దోస్తు సెకండ్‌హ్యాండ్ బైనాక్యులర్స్ నాకిచ్చి, ఈ పిట్ట తోక మీద ఒకప్పుడు పెద్ద గొడవే అయిందని చెప్పాడు. ఆ గొడవ పెట్టుకున్న మనిషి ఈ ఫర్హాబాద్‌కే వచ్చి పక్షుల సర్వే చేశాడని కూడా చెప్పాడు. ఆయనే సలీం అలీ.

పేరు స్కూల్ పుస్తకాల్లో ఎక్కడో చూసినట్టే ఉంది. పక్షుల శాస్త్రవేత్త, గడ్డం, టోపీ, బైనాక్యులర్స్. అంతకు మించి నాకేం తెలియదు. ఆ రాత్రి మన్ననూరులో పడుకోబోయే ముందు దోస్తు చెప్పినవి, తర్వాత హాస్టల్‌కి వచ్చి నేను చదివినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆయన చనిపోయి ముప్పై ఏళ్ళు ఎప్పుడో దాటింది. అయినా ఈ సెమిస్టర్‌లో నాకు ఎక్కువ తోడున్నది ఆయనే.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టాడు. ఏడాది వయసులో తండ్రి పోయాడు, మూడేళ్ళకి తల్లి పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగాడు. ఆ మేనమామ వేటగాడు. పిల్లాడికి ఎయిర్‌గన్ కొనిచ్చాడు. పిల్లాడు పిచ్చుకల్ని కొట్టేవాడు. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఉంది. మామూలు ఊరపిచ్చుకకి అట్లా ఉండదు. ఇదేం పిట్ట అని మేనమామని అడిగితే ఆయనకీ తెలియలేదు. చీటీ రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడ సెక్రటరీ మిల్లార్డ్ అనే దొర. పిల్లాడు భయపడుతూ పిట్టని ముందు పెడితే, ఆయన దాని పేరు చెప్పడమే కాకుండా బీరువాలు తెరిచి, సొరుగు తర్వాత సొరుగు లాగి, దేశంలోని పక్షులన్నిటినీ చూపించాడట. మనలో చాలామందికి ఇంజనీరింగ్ ఏ ర్యాంక్‌కి వచ్చింది అన్నదాన్ని బట్టి మొదలైంది. ఆయన చదువు ఒక పసుపు మచ్చ దగ్గర మొదలైంది.

అయితే అక్కణ్ణుంచి రోడ్డు సాఫీగా లేదు. కాలేజీ చదువు మధ్యలో వదిలేసి బర్మాలో అన్న దగ్గరికి పోయాడు. అక్కడ తవోయ్‌లో కుటుంబానికి వుల్‌ఫ్రమ్ గనుల వ్యాపారం. వుల్‌ఫ్రమ్ అంటే మన టంగ్‌స్టనే, మెటలర్జీ వాళ్ళకి తెలుసు. గని లెక్కల కంటే చుట్టూ ఉన్న అడవే ఆయనకి ఎక్కువ నచ్చింది. 1917లో తిరిగొచ్చి బొంబాయిలో ఒకపక్క కామర్స్ క్లాసులు, ఇంకోపక్క సెయింట్ జేవియర్స్ కాలేజీలో జువాలజీ క్లాసులు నడిపించాడు. జువాలజీ కోర్సు పూర్తయింది గానీ యూనివర్సిటీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. 1918లో తెహ్‌మినాతో పెళ్ళయింది.

తర్వాత జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షుల శాస్త్రవేత్త పోస్టు ఉందంటే ప్రయత్నించాడు. డిగ్రీ లేదని ఇవ్వలేదు. ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. అదే గడి!

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకి 350 రూపాయలు. ఆ రోజుల్లో మంచి జీతమే. కానీ అద్దాల వెనక పక్షుల గురించి చెప్తూ ఉంటే తనకి తెలిసింది ఎంత తక్కువో ఆయనకి అర్థమైంది. 1928లో సెలవు పెట్టి జర్మనీ పోయాడు. బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెజెమన్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరాడు. పక్షిని కొట్టి, కొలిచి, పేరు పెట్టి, సొరుగులో పడేయడంతో పని అయిపోదని, అది ఎట్లా బతుకుతుందో చూడాలని అక్కడ నేర్చుకున్నాడు. పక్షుల కాలికి రింగులు తొడిగి వాటి ప్రయాణాలు కనిపెట్టే పద్ధతి కూడా అక్కడే చూశాడు.

1930లో ఇంటికొచ్చేసరికి ఉద్యోగం లేదు. ఆయన్ని తీసేయడం కాదు, డబ్బుల్లేవని పోస్టునే ఎత్తేశారు. ఇప్పటి భాషలో లేఆఫ్. వయసు 33 దాటింది. చేతిలో డిగ్రీ లేదు, బెర్లిన్ చదువు ఉంది, దాన్ని అడిగేవాడు లేడు.

భార్యాభర్తలిద్దరూ బొంబాయి వదిలి, సముద్రం అవతలున్న కిహీం అనే పల్లెకి మారారు. ఆమె వైపు వాళ్ళకి అక్కడ ఒక చిన్న ఇల్లు ఉంది. ఇంటి దగ్గర్లో గిజిగాళ్ళ గూళ్ళు. పనిలేని మనిషి గదా, నిచ్చెన వేసుకుని నెలల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు బయటపడింది అసలు కథ. మగ గిజిగాడు గూడు సగమే కడతాడు. ఆడపక్షి వచ్చి ఇన్‌స్పెక్షన్ చేస్తుంది. నచ్చితే ఉంటుంది, అప్పుడు మిగతా సగం కడతాడు. నచ్చకపోతే ఆ సగం గూడు అట్లే వేలాడుతుంది. ఆమె గుడ్లు పెట్టగానే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకొకామెని పిలుస్తాడు. ఇన్నేళ్ళుగా అందరూ చూస్తున్న గిజిగాడి సంసారం ఇట్లా నడుస్తుందని ఓపిగ్గా కూర్చుని రాసింది ఆయనే. గద్వాల చుట్టుపక్కల ఈతచెట్లకి వేలాడే సగం గూళ్ళు నేను చిన్నప్పటి నుంచీ చూశాను. పిల్లలెవరో తెంపేశారనుకునేవాణ్ణి. అవి రిజెక్ట్ అయిన గూళ్ళని ఇప్పుడు తెలిసింది.

సరే, గిజిగాడితో కడుపు నిండదు గదా. అప్పుడు ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో చాలా ప్రాంతాల పక్షుల లెక్క ఎవరో ఒకరు రాసి పెట్టారు. సంస్థానాల్లో మాత్రం పెద్దగా ఎవరూ చూడలేదు. మ్యాప్‌లో అవన్నీ ఖాళీలే. తను పోయి సర్వే చేస్తానన్నాడు. జీతం వద్దు, క్యాంపు ఖర్చులు ఇస్తే చాలన్నాడు. ముందుగా ఒప్పుకున్న వాటిలో నిజాం రాజ్యం ఒకటి. అట్లా 1931–32లో హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే జరిగింది.

ఇక్కడ మనం ఒకసారి ఆగి చూడాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రోజులు. గద్వాల సంస్థానాన్ని రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలిస్తోంది. వనపర్తి ఇంకో సంస్థానం. అమ్రాబాద్ గుట్టల మీద ఫర్హాబాద్, నిజాం వేటకి వచ్చే చోటు. ఇప్పుడు మనం రయ్యిన పోయే శ్రీశైలం హైవే లేదు. అటువంటి చోటికి, ఉద్యోగం పోయిన 35 ఏళ్ళ మనిషి, భార్యని వెంటబెట్టుకుని, పిట్టల్ని లెక్కపెట్టడానికి వచ్చాడు. గద్వాలలో మా తాతని ఎవరన్నా అడిగి ఉంటే, పిచ్చోడని చెప్పి ఉండేవాడు.

సర్వే అంటే మనలాగా జీపులోంచి ఫొటో కొట్టడం కాదు. తెల్లవారకముందే లేచి నడవాలి. పక్షి ఎక్కడుంది, ఏం తింటోంది, గూడు ఉందా, రాసుకోవాలి. అనుమానం ఉన్నదాన్ని తుపాకీతో కొట్టాలి. అవును, కొట్టాలి. ఆ రోజుల్లో అట్లాంటి కెమెరాలు లేవు, చేతిలో పట్టుకుని కొలవకపోతే ఏ జాతి అని తేల్చడం కష్టం. మధ్యాహ్నం ఎండలో కూర్చుని, తోలు చెడకుండా ఒలిచి, ఆర్సెనిక్ సబ్బు రాసి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టాలి. ఆ చీటీ మీద తేదీ, ఊరు, మగదా ఆడదా, కన్ను రంగు, ముక్కు రంగు. చచ్చాక రంగులు మారిపోతాయి కాబట్టి అప్పుడే రాయాలి. చీటీ లేని పిట్ట పాడైపోయిన రీడింగ్ లాంటిది. ల్యాబ్‌లో అబ్జర్వేషన్ టేబుల్‌ని వెనకనుంచి నింపే మనకి ఈ ఒక్క మాట చాలు.

ఇక ఆ తోక గొడవ. హ్యూ విజ్లర్ అని, పంజాబ్ పోలీసులో పనిచేసిన ఇంగ్లీషాయన, అప్పట్లో మన దేశపు పక్షుల మీద పెద్ద తలకాయ. మేము ఫర్హాబాద్‌లో చూసిన ఆ తీగల తోక పిట్ట గురించి ఆయన ఒక వివరం రాస్తే, అది తప్పని పేరూ ఊరూ లేని సలీం అలీ అచ్చులో చెప్పాడు. విజ్లర్‌కి మొదట ఒళ్ళు మండింది. కానీ తన దగ్గరున్న పిట్టల తోకలు మళ్ళీ తీసి చూసుకున్నాడు. కుర్రాడు చెప్పిందే నిజం. అక్కణ్ణుంచి ఇద్దరూ దోస్తులయ్యారు. హైదరాబాద్ సర్వేలో పట్టిన పక్షుల్ని పరిశీలించి నోట్సు రాసిచ్చింది ఆ విజ్లరే. అదంతా 1933 నుంచి బొంబాయి సొసైటీ జర్నల్‌లో భాగాలుగా వచ్చింది. అందులో మన ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో చూస్తుంటే సొంతవాళ్ళ పేరు పేపర్లో చూసినట్టుంది.

హైదరాబాద్ తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియర్, ఇండోర్, భోపాల్. ఒక సర్వే ఇంకో సర్వేని తెచ్చింది. ఆ తిరుగుడులో తెలిసినదంతా 1941లో బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్‌గా వచ్చింది. ఇప్పటికీ పక్షులు చూసేవాళ్ళ సంచిలో ఉండే పుస్తకం. తర్వాత అమెరికన్ డిల్లన్ రిప్లీతో కలిసి 10 సంపుటాల హ్యాండ్‌బుక్. 1968లో మొదలై 1974లో పూర్తయింది. అప్పటికి ఆయన వయసు 77. మెకానికల్ వాళ్ళ కోసం ఒక మాట. ఆయనకి మోటార్‌సైకిళ్ళంటే ప్రాణం. 1950లో స్వీడన్‌లో పక్షుల శాస్త్రవేత్తల మహాసభ జరిగితే, తన సన్‌బీమ్ బైక్‌ని ఓడలో యూరప్‌కి తీసుకుపోయి, దాని మీదే ఊళ్ళు తిరుగుతూ సభకి చేరాడు. అప్పుడు ఆయనకి 53 ఏళ్ళు.

పద్మభూషణ్ 1958లో, పద్మవిభూషణ్ 1976లో, రాజ్యసభకి నామినేషన్ 1985లో. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది, ఆయన బతికుండగానే. దాన్ని వెతికింది ఆయన సొసైటీ వాళ్ళు. రాత్రి పూట పట్టి చూపించింది మాత్రం ఐతన్న అనే అక్కడి పిట్టల వేటగాడు. 1987 జూన్ 20న సలీం అలీ బొంబాయిలో చనిపోయాడు.

ఇంత లెక్కా ఎందుకు అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. దానికి జవాబు రాబందులు. ఆయన తిరిగిన రోజుల్లో ఊరి బయట గొడ్డు చస్తే రాబందులు దిగడం మామూలు సంగతి. 1990ల తర్వాత అవి మాయమయ్యాయి. ఒక జాతి అయితే 99 శాతానికి పైగా పోయింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వాటిని చంపుతోందని తేలి, 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. అసలు తగ్గుతున్నాయని మొదట రుజువు చేసింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. అక్కడ 1980లలో ఎవరో గూళ్ళు లెక్కపెట్టి రాసి ఉంచారు కాబట్టి. ఆ భరత్‌పూర్ చెరువుల్ని కాపాడటానికి తిరిగినవాళ్ళలో సలీం అలీ ముందున్నాడు. మొదటి రీడింగ్ లేకపోతే రెండో రీడింగ్‌కి అర్థం లేదు. మన నల్లమలకి ఆ మొదటి రీడింగ్ తీసినవాళ్ళలో ఆయన ఒకడు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో రోజు సాయంత్రం గద్వాల చేరాను. నాయిన మగ్గం ఆపి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. షార్ట్‌లిస్ట్ సంగతి చెప్పడానికి నోరు రాక, ఈయన కథ చెప్పడం మొదలుపెట్టాను. డిగ్రీ లేదు, ఉద్యోగం పోయింది, అయినా ఇష్టమైన పని వదల్లేదు, జీతం కూడా వద్దన్నాడు, చివరికి పద్మవిభూషణ్. నా తరఫున వాదించే వకీలులాగా చెప్పాను. నాయిన అంతా విని ఒక్కటే అడిగాడు. జీతం లేకుంటే మరి ఇల్లెట్ల గడిచిందని.

నా దగ్గర జవాబు లేదు. మగ్గం మీద నెల రోజుల పని చేసి, డబ్బులు వచ్చేదాకా ఇల్లు నడిపే మనిషికి ముందు తట్టేది అదే గదా. హాస్టల్‌కి వచ్చాక ఆ ప్రశ్నతోనే మళ్ళీ చదివాను. అప్పుడు కనిపించింది తెహ్‌మినా. మొదటిసారి చదివినప్పుడు ఆమెని ఒక్క లైనులో దాటేశాను. కిహీంలో ఉండటానికి ఆమె వైపు వాళ్ళ ఇల్లు ఉంది. వెనకాల త్యాబ్జీల పెద్ద కుటుంబం ఉంది. ఊరు వదిలి పల్లెకి రావడానికి, డేరాల్లో సంసారం చేయడానికి ఆమె ఒప్పుకుంది. క్యాంపులకి వెంట వచ్చింది. ఆమె కాదని ఉంటే హైదరాబాద్ సర్వే లేదు, ఫర్హాబాద్ లేదు. 1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత ఆమె చనిపోయింది. 1941లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఆమె చూడలేదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. మిగతా జీవితం అక్క ఇంట్లో ఉంటూ గడిపాడు.

కాబట్టి ఫ్రెండ్స్, ఇష్టమైన పని చేయండి, డబ్బు అదే వస్తుంది అని నేను రాయను. అట్లాంటి పోస్టర్లు మన క్యాంటీన్ గోడ మీద చాలానే ఉన్నాయి. జీతం వద్దనగలిగే మనిషి వెనకాల ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. నా వెనకాల నిలబడింది మా నాయిన, అది కూడా మగ్గం గుంటలో. ఆయన్ని అడగకుండా నేను జీతం వద్దనలేను. కానీ ఇంకోటి కూడా నిజం. ఎవడూ పిలవని రోజుల్లో, గడి నిండని రోజుల్లో, సలీం అలీ ఖాళీగా కూర్చోలేదు. నిచ్చెన వేసుకుని గిజిగాణ్ణి చూశాడు. అది ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగే పని.

ఆ రాత్రే నాయినకి చెప్పేశాను. షార్ట్‌లిస్ట్ సంగతి, బ్యాక్‌లాగ్ సంగతి, మూడు రోజులు దాచిన సంగతి. తిట్టలేదు. ఇంకో కంపెనీ వస్తది గదా అన్నాడు. ఎప్పుడని అడిగాడు. తేదీ చెప్పాను. ప్రిపేర్ అవుతున్నాను.

మన హాస్టల్ వెనక ఈతచెట్టుకి పదకొండు గూళ్ళున్నాయి. అందులో నాలుగు సగమే. తేదీ వేసి రాసి పెట్టాను. వచ్చే ఏడు నేనుండను. జూనియర్స్‌లో ఎవరన్నా మళ్ళీ లెక్కపెట్టండి.